నోట్లో పెట్టుకునే చెక్క

సిద్దిపేటలో పసిపిల్లల చెక్క బొమ్మలు చేసే కార్ఖానాలో పదిహేనేళ్ళకు పైగా పనిచేసి మానుకున్నాను. ఆ పని నేర్చుకుంటామని ఇప్పటికీ అప్పుడప్పుడు ఎవరో ఒకరు ఇంటికి వస్తారు. అందరూ మొదట ఉలుల సంగతే అడుగుతారు. ఏ ఉలి మంచిది, ఏ కర్ర మెత్తన, లక్క ఎక్కడ దొరుకుతుంది. వీటికి జవాబు చెప్పడం అరగంట పని. ఎవరూ అడగనిది ఒకటుంది. ఈ బొమ్మను పట్టుకోబోయే మనిషికి ఇంకా పళ్ళు రాలేదు, మాటలు రాలేదు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పలేడు. చేతికి దొరికింది నోట్లో పెట్టుకోవడం ఒక్కటే తెలుసు. అటువంటి గిరాకీ కోసం పని ఎట్లా చేయాలని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. అడగనందుకు చేసిన తప్పులే ఇక్కడ రాస్తున్నాను. గొప్పలు వినడానికి మా ఇంట్లో మనవలున్నారు, వాటికి కాగితం దండగ.

తలుపులు చేస్తున్నానని చెప్పిన రోజులు

నా పేరు నర్సింహాచారి. మాది వడ్ల పని ఇల్లు, అంటే వడ్రంగం. మా బాపు ఎడ్లబండి చక్రం చేస్తే చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చూడటానికి వచ్చేవారు. నేనూ అదే నేర్చుకున్నాను. నా చేయి తిరిగేసరికి ఊళ్ళలోకి ట్రాక్టర్లు దిగాయి. నాగళ్ళు అటకెక్కాయి. బండ్ల కింద కోళ్ళు గుడ్లు పెట్టసాగాయి. ఎనభైల మొదట్లో పని వెతుక్కుంటూ వచ్చి సిద్దిపేటలో కాశీనాథం సేటు కట్టె డిపోలో చేరాను.

సేటు భారీ మనిషి, తెల్ల ధోవతి మనిషి. ఆయనకు ఒక ఆలోచన వస్తే మర్నాటికల్లా మొదలైపోవాలి. ఒకరోజు కోత మిషను పక్కన కుప్పపడ్డ ముక్కలను కాలితో కదిపి నన్ను పిలిచాడు.

"చారీ, గీ ముక్కలన్ని పొయ్యిల పాలైతున్నయి. చిన్నపిల్లల బొమ్మలు చేద్దాం."

"నేను బండ్లు చేసేటోన్ని సేటూ. బొమ్మలు నాకేం ఎరుక?"

"బండి పెద్దది, బొమ్మ చిన్నది. గంతే ఫరక్."

ఆ మాటను ఇద్దరం నమ్మాం.

నమ్మినా, సిగ్గు మాత్రం పోలేదు. నాలుగు తరాలుగా బండ్లు కట్టిన ఇంట్లో పుట్టి గిలక్కాయలు చేస్తున్నానని చెప్పడానికి నోరు రాలేదు. తలుపులు చేస్తున్నానని ఇంట్లో చెప్పాను. రెండు నెలలు గడిచాయి. ఒకరోజు అంగీ విప్పి కొయ్యకు తగిలిస్తుంటే జేబులోంచి గిలక్కాయ జారి మా బాపు ముందు పడింది. ఆయన దాన్ని తీసుకుని చెవి దగ్గర పెట్టుకుని రెండుసార్లు ఊపాడు.

"గిదేం తలుపు రా?" అన్నాడు.

ఆ తర్వాత ఆయన నన్ను ఆ సంగతి మళ్ళీ అడగలేదు. కానీ మా ఇంటికి చుట్టాలెవరు వచ్చినా "మావోడు తలుపులు చేస్తుండు, ఊపితే మోగుతయి" అని చెప్పేవాడు.

ఉరికిన బండి

గిలక్కాయల తర్వాత నడక బండి మొదలుపెట్టాం. నడక నేర్చుకునే పిల్లలు నిలబడి, పైనున్న కర్ర పట్టుకుని తోసుకుంటూ పోయే మూడు చక్రాల బండి. చక్రం అనేసరికి నా ప్రాణం లేచి వచ్చింది. నాకు తెలిసినదంతా దాంట్లో పెట్టాను. ఇరుసుకు ఆముదం పూశాను. వేలితో తడితే చక్రం చాలాసేపు చప్పుడు లేకుండా తిరిగేది. బండి పనిలో అంతకన్నా మెప్పు లేదు.

మొదటి బండిని గొల్లభామ చీరలు నేసే ఇంటి ముసలవ్వ ఒకామె మనవడి కోసం కొనుక్కుపోయింది. మూడో రోజు బండి చంకలో, మనవడు ఇంకో చంకలో పెట్టుకుని వచ్చింది. పిల్లవాడి నుదుటి మీద నిమ్మకాయంత బొప్పి.

"వడ్లాయినా, బండి మంచిగున్నది. ఎడ్లు లేకున్నా నడుస్తది," అంది.

నేను సంతోషించాను.

"పిలగాడే దానెంబడి ఉరకలేకపోతుండు," అంది.

బండిని నేల మీద పెట్టి పిల్లవాడిని నిలబెట్టింది. వాడు కర్ర పట్టుకుని కొంచెం ఆనాడో లేదో, బండి పరుగెత్తి పోయి సేటు కాలికి తగిలి ఆగింది. వాడు బోర్లా పడ్డాడు. ఏడవలేదు. తలెత్తి బండిని చూశాడు, తర్వాత నన్ను చూశాడు. ఆ చూపు కన్నా ఏడుపే నయం.

"నడక రానోనికి ఉరికే బండెందుకు కొడుకా? ఆడు ఆగితే బండి ఆగాలె. ఆడు కదిలితే కదలాలె. మగ్గం మీద పోగు బిగువుంటెనే కదా గుడ్డయ్యేది," అంది ముసలవ్వ.

ఇరుసుకు తోలు బిళ్ళలు వేసి చక్రాలు బిగించాను. తిరగనా వద్దా అన్నట్టు తిరిగేలా చేశాను. బండి చేసేవాడికి బిగుసుకున్న చక్రం తలవంపులు. నడక బండికి అదే పనితనం. ఆ కొత్త బండిని మాత్రం మా బాపు కంటపడనివ్వలేదు.

బర్రె మెడలో గిలక్కాయ

సేటుకు మా గిలక్కాయ చప్పుడు చాల్లేదు. లోపల చింతగింజలు వేసేవాళ్ళం. అవి గలగలమనవు, నెమ్మదిగా గుసగుసలాడతాయి.

"మూడిండ్ల అవతలికి వినవడాలె చారీ. వినవడితెనే పక్కింటోళ్ళు కూడ కొంటరు," అన్నాడు.

ఎర్రటి గులకరాళ్ళు వేశాం. మోగడం బాగానే మోగింది. బరువు సంగతి ఇద్దరమూ ఆలోచించలేదు. అమ్మకాలు బాగున్నాయి, ఒక్కరూ వాపసు తేలేదు. అందరికీ నచ్చిందనుకున్నాం.

నాలుగు నెలల తర్వాత పల్లెలో మా చెల్లెలి ఇంటికి పోయాను. వాకిట్లో కట్టేసిన బర్రె తల ఊపితే తెలిసిన చప్పుడు వినిపించింది. దాని మెడలో నేను చేసిన గిలక్కాయ వేలాడుతోంది.

"గదేందే?" అన్నాను.

"ఏం చెయ్యాలె అన్నా. పిల్ల చేతికిస్తే దాని మొఖం మీదనే కొట్టుకుంటున్నది. బర్రెకైతే మంచిగున్నది. చెరువు దిక్కు పోయినా ఇనవడుతది," అంది.

ఆరు నెలల పిల్లకు ఆ చేయి తనదేనని ఇంకా సరిగా తెలియదు. ఎటు ఊపుతుందో దానికే తెలియదు. అందుకని గిలక్కాయ ముఖానికి తగిలినా నొప్పి పుట్టనంత తేలికగా ఉండాలి. మర్నాడే గులకరాళ్ళు తీసేసి చింతగింజలకు వచ్చాం. వస్తువు వాపసు రాలేదంటే నచ్చిందని కాదని అప్పుడు తెలిసింది. మనవాళ్ళు మొహమాటస్తులు. వస్తువు పనికిరాకపోతే ఏదో ఒక పనికి పెడతారు తప్ప నీ దాకా వచ్చి చెప్పరు. చెప్పిన ఆ నేతింటి ముసలవ్వకు నేను ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

చిలక

ఇక నా పెద్ద తప్పు. మిగతావన్నీ తెలియక చేసినవి. ఇది తెలిసి చేసింది.

ఒక ఏడు బతుకమ్మ పండుగ ముందు సేటుకు చిలక ఆలోచన వచ్చింది. కింద చక్రాలు, ముందు తాడు, ఎర్ర ముక్కు, ఆకుపచ్చ ఒళ్ళు. పిల్లలు లాక్కుపోవాలి. చెక్కడం నాకు కష్టం కాలేదు. రంగుతోనే వచ్చింది చిక్కు. గుండ్రటి బొమ్మలకు మేము లక్క వాడేవాళ్ళం. చెక్కను తిప్పే మిషను మీద బొమ్మ గిర్రున తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తే, ఆ వేడికి కరిగి చెక్కలోకి పట్టుకుంటుంది. నాకినా పోదు. కానీ చిలకకు ముక్కుంది, తోకుంది. అది మిషను మీద తిరగదు. పండుగ దగ్గర పడుతోంది. బజారులో దొరికే రంగు పొడి తెచ్చి జిగురులో కలిపి కుంచెతో పూశాను. పైన పలచగా వార్నిష్ కొట్టాను.

ఆరిన తర్వాత వేలు తడిచేసి చిలక వీపు మీద రుద్దాను. వేలు ఆకుపచ్చగా వచ్చింది. ధోవతి అంచుకు తుడుచుకున్నాను. అప్పుడే సేటు లోపలికి వచ్చాడు. చిలకను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చారీ, గిది చిలక కాదు. పిలిస్తే పలికేటట్టున్నది. నీ అసుంటి పనోడు జిల్లాల లేడు," అన్నాడు. తర్వాత, "రంగు మంచిదే కదా?" అని అడిగాడు.

"మంచిదే సేటూ," అన్నాను. చెట్టు పసరు రంగని కూడా అన్నాను. ఎందుకు అన్నానో తర్వాత ఎన్నిసార్లు ఆలోచించినా ఒకటే జవాబు. అంతకు ముందు ఆయన నన్ను ఎన్నడూ పొగడలేదు. ఆ పొగడ్త ఇంకో నిమిషం ఉండనీ అనుకున్నాను.

నలభై చిలకలు పది రోజుల్లో అమ్ముడుపోయాయి.

పండుగ వెళ్ళిన వారానికి దవాఖాన నుంచి కబురు వచ్చింది. సేటూ నేనూ పరుగెత్తాం. బట్టల దుకాణం వాళ్ళ మనవడు, ఏడాది పిల్లవాడు, తల్లి ఒళ్ళో గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పెదవులు, నాలుక, గడ్డం అంతా ఆకుపచ్చ. పక్కన బల్ల మీద మా చిలక. దాని తల తెల్లగా ఉంది. చుట్టూ ఇంటిల్లిపాదీ నిలబడి ఉన్నారు. డాక్టరమ్మ చిన్న వయసుది. కోపం మాత్రం పెద్దది.

"ఇది ఎవరు చేశారు?"

సేటు నన్ను చూశాడు. నేను గోడను చూశాను.

"డాక్టరమ్మా, గిది చెట్టు పసరు రంగు. పరేషాన్ గావద్దు. నేనే చూపిస్త," అని సేటు చిలకను అందుకుని, నేను ఆపే లోపల, వీపు నుంచి తోక దాకా రెండుసార్లు నాకాడు. అంతమంది ముందు ధైర్యంగా చప్పరించాడు.

"నోరు తెరవండి," అంది డాక్టరమ్మ.

సేటు తెరిచాడు. నాలుక చిలక వీపులా ఉంది. ఏడుస్తున్న పిల్లవాడు ఏడుపు ఆపి సేటు నాలుకను తదేకంగా చూశాడు. తర్వాత తన నాలుక బయట పెట్టి చూపించి నవ్వాడు.

పిల్లవాడికి ఏమీ కాలేదు. ఒకసారి వాంతి చేసుకున్నాడు, అంతే. కానీ డాక్టరమ్మ మమ్మల్ని వదల్లేదు. "వీడు తల ఒక్కటే తిన్నాడు. మొత్తం తినేవాడు ఎక్కడో ఉంటాడు. ఏమవుతుందో నేను చెప్పలేను. ఒక్కటి మిగలకుండా వాపసు తెప్పించండి," అంది.

దవాఖాన మెట్ల మీద సేటు ఆగాడు.

"నీకు ఎరుకనా చారీ?"

"ఎరుకనే సేటూ."

"మరి ఎందుకు చెప్పలే?"

"మీరు మెచ్చుకుంటున్నరు అప్పుడు."

ఆయన రెండు మెట్లు దిగి మళ్ళీ ఎక్కాడు. తిడితే బాగుండుననిపించింది.

"ఇగ నిన్ను మెచ్చుకునుడు బంద్," అన్నాడు చివరికి.

ఆ మధ్యాహ్నమే సేటుకు వర్తకుల సంఘంవాళ్ళు ముందే ఖాయం చేసిన సన్మానం ఉంది. వేపపుల్లతో, బొగ్గుతో ఎంత తోమినా రంగు పోలేదు. దండలు వేస్తున్నప్పుడు నోరు మూసుకునే ఉన్నాడు. ఫోటో తీసేవాడు నవ్వమన్నాడు. నలుపు తెలుపు ఫోటోలో ఆకుపచ్చ కూడా నలుపే. శాలువా కప్పుకుని, బొగ్గు నమిలినట్టు పళ్ళతో నవ్వుతున్న ఆ ఫోటో డిపో గోడ మీద చాలా ఏళ్ళు వేలాడింది. తీసేద్దామా అని నేను అడిగితే, ఉండనీ అన్నాడు.

మైకు

ఊళ్ళో చాటింపు వేయించాలని సేటు రిక్షాకు మైకు కట్టించాడు. కాగితం మీద నేనే రాసిచ్చాను. "కాశీనాథం సేటు డిపోల కొన్న ఆకుపచ్చ చెక్క చిలకలు వాపసు తెచ్చియ్యున్రి, బదులు కొత్త బొమ్మ ఇస్తం." మైకు పాతది. గరగర మధ్యలో జనానికి వినిపించింది "సేటు... ఆకుపచ్చ చిలకలు... వాపసు" అని మాత్రమే.

సేటు పెంచుకునే చిలకలు ఎగిరిపోయాయని పట్టణమంతా అనుకుంది. మధ్యాహ్నానికి ఒకాయన తట్ట కింద బతికున్న చిలకను పట్టుకొచ్చాడు. సాయంత్రం ఇంకొకాయన పంజరంతో సహా వచ్చాడు.

"గిది మీదేనా సేటూ? కాశీ అని పిలిస్తే మెడ తిప్పుతున్నది," అన్నాడు.

సేటు ఓపికగా ఇద్దరికీ చాయ తాగించి పంపాడు. మర్నాడు మైకు పక్కన ఒక చెక్క చిలకను వేలాడదీసి తిప్పాం. అప్పుడు రావడం మొదలయ్యాయి. నాలుగు రోజుల్లో ముప్పై దాకా వచ్చాయి. దేనికి ముక్కు తెల్లగా ఉంది, దేనికి తోక. మిగిలినవి పల్లెలకు పోయాయి. వాటి కోసం మేమే బయలుదేరాం.

సేటు బాతును లాగడం

ముందు చింతమడక పోయాం. సేటు స్కూటరు నేను నడిపాను. వెనక సేటు, ఆయన ఒళ్ళో గోనెసంచి. సంచిలో బదులు ఇవ్వడానికి లక్క పూసిన చెక్క బాతులు. ఒళ్ళు గుండ్రంగా ఉండేట్టు, మిషను మీద తిరిగేట్టు చేసినవి. ఆ నాలుగు రోజులూ అవే చేశాను.

పసిపిల్లల చేతిలోంచి బొమ్మ తీసుకోవడం కన్నా కష్టమైన పని నా జన్మలో చేయలేదు. మొదటి ఇంట్లో తల్లి చిలకను లాక్కుంటే వాడు పెట్టిన కేకకు వీధంతా వచ్చింది. రెండో ఇంటికి మేము పోయేలోగా మాకన్నా ముందు కబురు పోయింది. "పిల్లల బొమ్మలు గుంజుకపోయే సేటు వచ్చిండట" అని తలుపులు వేసుకున్నారు. మూడో ఇంట్లో పిల్లవాడు చిలకను కడుపు కింద పెట్టుకుని బోర్లా పడుకున్నాడు. కొత్త బాతును ముక్కు దగ్గర పెట్టినా కళ్ళు తెరవలేదు. సేటు బతిమాలాడు, పాట పాడాడు, బెల్లం ముక్క చూపించాడు. వాడు కదల్లేదు.

సేటు అలిసిపోయి, తెల్ల ధోవతితోనే వాకిట్లో చతికిలబడ్డాడు. చేతిలో బాతు ఉంది. ఏమీ తోచక దాన్ని తాడు పట్టి ఇటు లాగాడు, అటు లాగాడు. చక్రం పక్కకు ఒరిగితే సరిచేశాడు. మట్టిలో చిన్న గట్టు కట్టి దాని మీదుగా ఎక్కించి దించాడు. ఆయన నిజంగానే పిల్లవాడి సంగతి మరిచిపోయాడు.

బోర్లా పడుకున్నవాడి ఒక కన్ను తెరుచుకుంది. కాసేపటికి రెండో కన్ను. తర్వాత వాడు లేచి, చిలకను అక్కడే పారేసి, పాకుతూ వచ్చి బాతును పట్టుకున్నాడు. సేటు వదల్లేదు.

"సేటూ, ఇడువున్రి," అన్నాను.

"ఆగు, ఆ గట్టు దాటనీ," అన్నాడు.

అదే పద్ధతి మిగతా ఇళ్ళలో పనికొచ్చింది. ఇస్తామంటే పిల్లలు తీసుకోరు. నువ్వు నీ పాటికి ఆడుకుంటుంటే వచ్చి లాక్కుంటారు. కానీ ఆడుకుంటున్నట్టు నటిస్తే కనిపెడతారు. నాకు ఒక్కసారి కూడా కుదరలేదు, సేటుకు ప్రతిసారీ కుదిరింది.

తిరిగి వస్తుంటే ఆయన వెనక నుంచి అన్నాడు. "చారీ, నాలుగేండ్ల సంది బొమ్మలు అమ్ముతున్న. పిలగాడు ఆడంగ చూసుడు మాత్రం గిదే మొదలు."

నేనైతే నాలుగేళ్ళ నుంచి చేస్తున్నాను. నేనూ అంతే.

చంద్లాపూర్

ముప్పై తొమ్మిది చిలకలు గోనెసంచిలో చేరాయి. నలభయ్యోది చంద్లాపూర్‌లో బీడీలు చుట్టే ఒక ఇంట్లో ఉందని తెలిసింది.

ఇంటి ముందు అరుగు మీద బాలమణి అనే ఆమె చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పాతికేళ్ళు కూడా ఉండవు. పక్కన ఏడాదిన్నర పాప, పేరు స్వప్న, కాళ్ళు చాపుకుని కూర్చుని చిలక తోకను కొరుకుతోంది. నేను చిలకను చూశాను. చిలక మీద ఆకుపచ్చ అన్నది లేదు. ముక్కు మీద ఎరుపు లేదు. తల నుంచి తోక దాకా తెల్లటి చెక్క.

డాక్టరమ్మ చెప్పిన మాట చెవిలో మోగింది. మొత్తం తినేవాడు ఎక్కడో ఉంటాడు.

"చెల్లే, రంగేది?" అన్నాను.

"ఏం రంగు?"

"చిలక రంగు. ఆకుపచ్చ ఉండె కదా. పిల్ల తిన్నదా?"

సేటు అప్పటికే పాప ముందు కూర్చుని "నోరు తెరువు బిడ్డా, ఆ అను" అంటున్నాడు. పాప నోరు తెరిచి ఆయన వేలు కొరికింది.

బాలమణి మమ్మల్నిద్దరినీ మార్చి మార్చి చూసింది. "పిల్ల ఎందుకు తింటది? తెచ్చిన్నాడే నేను గీకి పారేసిన," అంది.

"నువ్వు గీకినవా?"

"తడి గుడ్డతోని తుడిస్తే గుడ్డంత పచ్చగైంది. గసుంటిది పిల్ల నోట్లె ఎట్ల వెట్టాలె? గాజు పెంకుతోని గీకిన, బూడిదేసి తోమిన, ఎండకు ఆరబెట్టిన. ముక్కు సూదిగుండె, దాన్ని బండకు రుద్దిన. మీరు ఎవలు?"

సేటు ధోవతి దులుపుకుంటూ లేచి నన్ను చూశాడు.

"గిది చేసింది గీయినే," అన్నాడు.

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. "చేసుడైతే మంచిగ చేసిన్రు," అంది. "నోట్లె వెట్టుకునే దానికి రంగెందుకన్నా? దానికి రంగులు ఎరుకనా? పెద్దోళ్ళం మనకు ఎరుక."

నేను చిలకను అడిగి తీసుకున్నాను. పాప ఎందుకో ఇచ్చింది. చిలక వీపును వేళ్ళతో నిమిరాను. ఆ నునుపు ఉప్పు కాగితంతో వచ్చేది కాదు. బూడిద, ఎండ, పాప చేతులు, పాప ఉమ్మి అన్నీ కలిసి చెక్కను వెన్నలా చేశాయి. నేను అన్నేళ్ళలో అంత నున్నటి అంచు ఒక్కటీ చేయలేదు. ఎందుకో కళ్ళు తడిశాయి. బీడీల పొగాకు ఘాటు అని చెప్పాను.

ఆ చిలకను మేము వాపసు తెచ్చుకోలేదు.

వద్దన్నది బజారుకు పోవద్దు

ఆలోచన వస్తే మర్నాటికి మొదలుపెట్టే సేటు ఈసారి మర్నాటి దాకా కూడా ఆగలేదు. అక్కడే నిలబడి, కార్ఖానాలో పనికి వస్తావా అని బాలమణిని అడిగాడు.

"పొగాకు ఘాటు పిల్లకు పడుతలేదు. వస్త," అంది. కాసేపు ఆలోచించి, "గని ఒక మాట. నేను వద్దన్న బొమ్మ బజారుకు పోవద్దు. పోతే మల్ల గీ చాటనే నయం," అంది.

సేటు నా వైపు తిరిగాడు. నేను మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగు తరాల వడ్ల పని, ఉలి పట్టని మనిషి వచ్చి నా పనిని వద్దనడమా అని లోపల కుమిలిపోయాను. మా బాపుకు చెప్పుకున్నాను. ఆయన నా మీద జాలి పడతాడనుకున్నాను.

"ఎద్దు మెడకు కాడి ఒరుసుకుంటే ఎద్దు చెప్తదా? దున్నెటోడు పుండు చూసి వచ్చి చెప్తడు. గప్పుడు నేను కాడి మల్ల చెక్కకపోదునా?" అన్నాడు.

నాలుగో రోజు సరే అన్నాను.

బాలమణి దగ్గర పద్ధతి చాలా చిన్నది. బొమ్మను చెంపకు రాసుకుంటుంది, పెదవులకు ఆనించుకుంటుంది, తడి గుడ్డతో తుడిచి గుడ్డ చూసుకుంటుంది. గట్టిగా నేలకేసి కొడుతుంది. ఊడిన ముక్క ఏదైనా స్వప్న నోట్లో పట్టేంత ఉంటే ఆ బొమ్మ పొయ్యిలోకే. మొదటి నెలలో నేను చేసినవాటిలో సగం నాకే తిరిగొచ్చాయి. గుర్రం చెవి పదును. బాతు కన్ను మేకు. ఏనుగు తొండం గొంతులోకి పోతుంది. నేను వాదించేవాణ్ని. ఆమె వాదించేది కాదు, బొమ్మను నా చేతిలో పెట్టి "నువ్వే నోట్లె వెట్టుకో అన్నా" అనేది. పెట్టుకున్న తర్వాత వాదించడానికి నోరు ఖాళీ ఉండదు.

రంగు లేని చిలకలు మొదట ఎవరూ కొనలేదు. "సేటుకు రంగు కొనే శక్తి లేకపాయె" అన్నారు. సేటు దుకాణం ముందు పీట వేసుకుని కూర్చుని తనే లాగి ఆడేవాడు. తల్లులు సేటును చూసి నవ్వేవాళ్ళు, పిల్లలు చంక దిగి వచ్చి లాక్కునేవాళ్ళు. అలా అమ్ముడుపోయాయి. ఆయన పోయేదాకా ఆ పీట మీద ఇంకెవరినీ కూర్చోనివ్వలేదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇదే. నీ పనిని వద్దనే మనిషిని ఒకరిని పక్కన పెట్టుకో. ఆ మనిషి నీకన్నా పనిమంతుడు కానక్కరలేదు, పసిపిల్లను ఎత్తుకున్న మనిషైతే చాలు. ఎవరైనా నిన్ను పొగిడితే ఆ పూట ఇంకోసారి వేలు తడిచేసి రుద్ది చూడు.

తొంభైల చివర్లో చూపు తగ్గి పని మానుకున్నాను. ఆఖరి రోజు డిపోలో సేటు కొడుకులు శాలువా కప్పారు, మిఠాయి పంచారు. ఉదయం మొదలుపెట్టిన గిలక్కాయ ఒకటి పూర్తిచేసి బాలమణికి ఇచ్చాను. ఈ ఒక్కటీ ఆమె చూడకుండానే తీసుకుంటుందనుకున్నాను. ఆమె చెంపకు రాసుకుంది. పెదవులకు ఆనించుకుంది. నా చేతిలో పెట్టింది.

"గీ అంచు కొంచెం గుచ్చుకుంటున్నది అన్నా."

"ఇయ్యాల నా ఆఖరు దినం గదా చెల్లే," అన్నాను.

"పట్టుకునే పిల్లకు నీ ఆఖరు దినమని ఎరుకనా?" అంది.

మిఠాయి తిన్న చేతులు, మెడలో దండ, చుట్టూ జనం. ఆ పూట కుదరలేదు. మర్నాడు పొద్దున్నే పోయి కూర్చుని ఆ అంచు అరగదీశాను. మళ్ళీ వాపసు పంపింది. మూడోసారికి తీసుకుంది.